తెలుపు మీద నమ్మకం

కాస్ట్రోలో పదకొండు రోజులుగా వాన.
రేవు పక్కన మా ఇళ్ళు కొయ్యకాళ్ళ మీద నిలబడి
పోటునీళ్ళలో పాదాలు నానబెట్టుకుంటున్నాయి.
వీడియోలో మనిషి అంటాడు కదా,
"ఇప్పుడు కెమెరా తీసుకుని ఎండలోకి వెళ్ళండి."

ఎండట!
అతనిది ఎక్కడో మెక్సికో ఉత్తరాన ఎడారి ఊరు.
కిటికీలోంచి వెలుగు బస్తాలకొద్దీ వచ్చి బల్లమీద పడుతుంది.
మాకు చిల్లరగా వస్తుంది, అప్పుగా,
అదీ మధ్యాహ్నం పూట.

నా పేరు ఎదువినా. మేజోళ్ళు అల్లుతాను.
గొర్రె రంగే మేజోడు రంగు, అద్దకం లేదు.
సాంతియాగోలో కొట్టావిడ ఫోటో చూసి
"తెల్లవి అడిగితే బూడిదవి చూపిస్తారేం" అని రాసింది.
ఆరు నెలలు ఆల్చిప్పలు ఒలిచిన కూలి పెట్టి
ఈ నల్ల పెట్టె కొన్నాను.
దాంతో వచ్చిన పుస్తకంలో అక్షరాలు చీమ తలకాయంత.
అంచేత ఈ మనిషి.

ముఖం కనపడదు. చేతులే.
రెండో పాఠంలో బొటనవేలు బాగానే ఉంది,
మూడులో పచ్చి గాయం, ఐదులో గుడ్డకట్టు.
అర్థంకాక నేను వెనక్కీ ముందుకీ జరుపుతుంటే
అతని వేలు తెగుతుంది, మానుతుంది, మళ్ళీ తెగుతుంది.
ఒక్కోసారి క్షమించమని అడగాలనిపిస్తుంది.

అంకె తగ్గితే కన్ను పెద్దదవుతుందట.
ఇదేం లెక్క?
మళ్ళీ చెప్పు, అని మోచేత్తో నొక్కుతాను,
వేళ్ళకు ఉన్ని జిడ్డు.
మళ్ళీ చెప్తాడు. విసుగన్నది లేదు.
మా మేనత్త అల్లిక నేర్పినప్పుడు
రెండోసారి అడిగితే కణుపుల మీద సూదితో కొట్టేది.

మొదటి వంద ఫోటోలూ
నా బూటు, సగం పిల్లి, మళ్ళీ నా బూటు.
పక్కింటి అర్సేనియో పడవ దగ్గర నిలబడ్డాడు,
కొత్త పెళ్ళికొడుకులా ఊపిరి బిగబట్టి.
నేను మీట వెతికేలోపు పోటు వచ్చి మోకాళ్ళదాకా తడిశాడు.
తప్పు అల్లితే విప్పొచ్చు, దారమైనా మిగులుతుంది.
తప్పు తీస్తే తుడిచేయడమే.
ఈ పనిలో నాకు నచ్చనిది అదొక్కటే.

ఏడో పాఠంలో అసలు సంగతి.
"కెమెరాకు తెలుపు మీద నమ్మకం లేదు" అన్నాడు.
అన్నాడో, నేనలా విన్నానో.
ఏది చూపించినా మధ్యరకం బూడిదనుకుంటుందట,
మంచునీ బొగ్గునీ పాలనీ ఒకే గాటన కట్టేస్తుందట.
తెల్లదాన్ని తెల్లగా చూడవే అని మనమే చెప్పాలి,
చక్రాన్ని కూడిక వైపు ఒక మెట్టు తిప్పి.
నల్లదానికైతే తీసివేత.

తిప్పాను. కిటికీ గూట్లో మేజోడు పెట్టాను.
అదే వాన వెలుగు, అదే అప్పు వెలుగు.
తెల్లగా వచ్చింది.
మడమ దగ్గర అల్లికలో ఇరుక్కున్న గడ్డిపరకతో సహా.
నలభై ఏళ్ళుగా ఉన్ని చూస్తున్న కంటికి
ఆ పరక ఆనలేదు.

తొమ్మిదోదే ఆఖరు.
"చీకట్లో ఎలా తీయాలో వచ్చేవారం" అన్నాడు.
కింద తేదీ చూస్తే ఆరేళ్ళ కిందటిది.
ఆ వారం ఇంకా రాలేదు.

చివర్లో అతను కటకం తుడుస్తుంటే
గాజులో రెప్పపాటు ఒక ముఖం కదిలింది.
అక్కడ ఆపాను.
వెనక కిటికీ నిండా ఎడారి ఎండ. ముఖం మాత్రం మసి.
మీ పాఠం మీరే మరిచిపోయారు మేష్టారూ,
ఒక మెట్టు కూడిక వేసుకోవాల్సింది.

కొట్టావిడ బదులు రాసింది:
"పన్నెండు జతలు పంపండి. గడ్డి లేకుండా."

ఈ రాత్రి కరెంటు పోయింది.
కెమెరాను గుమ్మం దగ్గర పీటమీద కదలకుండా పెట్టాను.
కింద నీళ్ళలో లాంతరు పట్టుకుని అర్సేనియో
పడవ కట్టేస్తున్నాడు.
కదలకు, అని అరిచాను.
"ఎంతసేపూ?" అన్నాడు.

తెలిస్తేగా.