తడి అడుగు

ఆ నారింజరంగు జత కింద పెట్టెయ్యక్కా.
చూడ్డానికి బాగుంది, కాదనను.
పాలబండి కుర్రాడొకడు ఇలాంటిదే ఎగరేసుకుపోయాడు,
గెలిచినవాడెవడి కాళ్లకో చూశాడట.
మూడో వారానికి వచ్చి
ఊడిపోయిన బొటనవేలి గోరు
అగ్గిపెట్టెలో పెట్టి చూపించాడు.
కొత్త చెప్పు ఎలాగూ కరుస్తుంది.
ఇంకొకడి కాలికి కుట్టింది నమిలేస్తుంది.

కూర్చో. ఆ టమాటా బుట్ట బోర్లించి కూర్చో.
బేసిన్‌లో కాలు ముంచు, పొద్దున పట్టిన నీళ్లే.
ఇప్పుడీ అట్ట మీద నిలబడు.
ఫోటోకి నిలబడ్డట్టు కాదు,
బడి వంటింట్లో పెద్ద డేగిశా దించేటప్పుడు నిలబడతావే,
అలా.

చూశావా.
కొందరి అడుగుకి నడుముంటుంది, సొరకాయ బుర్రలా.
నీది ఈ అంచు నుంచి ఆ అంచుకి నిండుగా పడింది,
గిన్నె తిరగేసి తీసిన ఉగాలి ముద్ద.
సిగ్గెందుకు? నేల మొత్తాన్నీ తాకే కాలది.
కాకపోతే అలిసినప్పుడు లోపలికి ఒరుగుతుంది,
పక్కవాళ్ల గుసగుస వినబోయినట్టు.
లోపలి అంచు గట్టిగా ఉన్నది చూద్దాం.

బరువెంతని అడగను.
ఎల్డోరెట్‌లో గాలి కూడా సన్నగా ఉంటుందనీ
పరిగెత్తేవాళ్లందరూ జొన్నకర్రల్లా ఉంటారనీ
బయటివాళ్ల నమ్మకం.
నువ్వొస్తుంటే మూలమీద ఇద్దరు నవ్వారు, నేనూ విన్నాను.
తేలికవాళ్లకి పలచటి అడుగు చాలు, ఎగిరిపోతారు.
దిగేవాళ్లకి కింద ఏదో ఒకటి ఉండాలి.

ఈ మూటలు ఓడల్లో వస్తాయి,
ఎవరివో చీటీ ఉండదు.
తిరగేస్తే అవే చెబుతాయి.
ఈ ఎర్రజత ఆవిడ మడమ బయటివైపే అరిగింది,
ఎప్పుడూ ఆలస్యమయ్యే మనిషి.
ఇదిగో, ఇది చూడు, అచ్చు కూడా చెదరలేదు.
కొని, మూడురోజులు పరిగెత్తి, మంచం కిందికి తోసేశాడు.
ఆ బద్ధకస్తుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.
బూడిదరంగు. మగవాళ్లది. నలభై రెండు.
ముఖం అలా పెట్టకక్కా,
వెడల్పుకి ఆడా మగా తెలియదు.

మామూలుగా సాయంత్రం రమ్మంటాను,
పాదాలు పొంగాక కొలవాలి.
కానీ నువ్వు నాలుగింటికి పొయ్యి ముట్టించావన్నావు.
నీ కాళ్లకి ఇప్పటికే సాయంత్రమైంది.

వేళ్ల ముందు నా బొటనవేలు పడుతోంది. సరే.
ఇక పరిగెత్తు. ఇక్కడే,
ఉల్లిపాయల దాకా వెళ్లి రా.
వాళ్లు చూస్తే చూడనీ.
నేను మాత్రం చూడను, కళ్లు మూసుకుంటాను.
బూటుని చెవితో కొనాలి.

తప్. టప్. తప్. టప్.
ఆగు.
కుడికాలు ఎక్కువ మాట్లాడుతోంది.
విప్పు. రెండూ పక్కపక్కన పెట్టు.
అదీ సంగతి, కుడిది గోరంత పొడుగు.
నలభై ఏళ్లుగా నీకెవరూ చెప్పలేదా?
నలభై రెండున్నర ఉందేమో వెతుకుతా,
అడుగున ఎక్కడో ఉండాలి.

ఎందుకు పరిగెడతావో నాకు చెప్పనక్కర్లేదు.
నాలుగు వందలమందికి వండి, ఆ గిన్నెలు తోమి,
ఇంకా కాళ్లలో పరుగు మిగిలిందంటే
అది నీ సొంతం, జెరోటిచక్కా,
దానికి లెక్క ఎవరికీ అప్పజెప్పొద్దు.

ఇదిగో దొరికింది. మళ్లీ ఉల్లిపాయల దాకా.

...

తొమ్మిది వందలు.
ఎనిమిది యాభై.
సరే, ఎనిమిది వందలు, ఆ అట్ట కూడా తీసుకుపో,
అడుగు ఆరిపోయింది గానీ పొయ్యి విసరడానికి పనికొస్తుంది.

నేనా? నేనేం తొడుక్కుంటానా?
లారీ టైరు చెప్పులు.
నవ్వకు.
నా కాళ్లు ఈ సందు దాటవు గానీ
ఈ టైరు మొంబాసా ఎన్నిసార్లు చూసొచ్చిందో.