నిరుపయోగ నేల

జామ్రోచెకి బస్సు రోజుకు రెండుసార్లు.
పొద్దుటిది బడిపిల్లల్ని తీసుకుపోతుంది,
సాయంత్రానిది తిరిగి తెచ్చి దించుతుంది.
మండల కార్యాలయంలో నా బల్ల కిటికీ పక్కన.
పద్దెనిమిది ఊళ్లు, మూడు వాగులు, ఒక బురదచెరువు
నా దగ్గర కాగితాలే.
గోడమీది పటంలో జామ్రోచె
ఎండిన జిగురుచుక్కంత.

ఊరు ఎప్పుడూ కదల్లేదు.
సరిహద్దులే దానిమీంచి నడిచిపోయాయి
ఓసారి తూర్పునుంచి, ఓసారి పడమటినుంచి,
బూట్లు తుడుచుకోకుండా.
ఒక ముసలాయన ఒకే మంచంమీద
నాలుగు దేశాల్లో నిద్రలేచాడని చెప్పుకుంటారు.
నాలుగింట్లోనూ పన్ను కట్టాడట.

మట్టి గురించి చెప్పాలి.
పైన ఇసుక, కింద బంకమన్ను, మన్నులో రాళ్లు.
వేల ఏళ్లనాడు మంచు
ఉత్తరాన సముద్రం అవతలనుంచి ఈడ్చుకొచ్చి,
అప్పులకు భయపడి సామాను వదిలి పారిపోయినవాడిలా
ఇక్కడ పడేసి కరిగిపోయింది.
చలికి నేల బిగుసుకుంటుంది. వసంతంలో వదులవుతుంది.
వదులైన ప్రతిసారీ ఒక రాయిని పైకి నెడుతుంది.
రై గింజలు చల్లినచోట రాళ్లు మొలుస్తాయి,
గొర్రెపిల్లంతవి, గుమ్మడికాయంతవి.
ఎంత ఏరినా మరుసటేడు మళ్లీ అంతే.
"పొలం ఈనింది" అంటారు రైతులు విసుగ్గా.
చర్చి పునాదీ వాటితోనే, బావి వరా వాటితోనే.

ఫిబ్రవరి చివర్లో, పిల్లల బస్సెక్కి వచ్చింది
అపొలోనియా మష్లాక్, ఎనభయ్యారేళ్లు.
ఊరేసిన దోసకాయల సీసా నా బల్లమీద పెట్టి,
"మా గడపరాయి మా పొలం ఈనింది కాదు" అంది.

"మంచు ఈడ్చిన రాయికి మూలలుంటాయా అమ్మా?
దీనికి కింద రెండు మూలలు, పైన గుండ్రం.
యుద్ధమయ్యాక మా మామ బండిమీద తెచ్చి బోర్లా వేశాడు.
కాపురానికొచ్చిన నాడు దానిమీదే కాలు పెట్టాను.
నా మొగుడి పెట్టెను మోసేవాళ్లు
మూడుసార్లు దానికే తాకించారు, ఇంటికి సెలవు చెప్పించడానికి.
మొన్న కుంగింది.
మనవడు గునపం వేసి తిరగేశాడు."

మర్నాడు వెళ్లి చూశాను.
విరిగిన కొవ్వొత్తి బొమ్మ. కింద అక్షరాలు,
కుడినుంచి ఎడమకు పోయేవి.
రాయి లేచిన గోతిలో
బంకమన్ను వాటిని అచ్చుతీసి దాచుకుంది.
ఆ అచ్చులో అవి ఎడమనుంచి కుడికి నడుస్తున్నాయి,
మా అక్షరాల్లాగే.
అయినా నాకు చదవడం రాలేదు.

పాత రిజిస్టర్లు దించాను, దుమ్ముకు తుమ్ముతూ.
యుద్ధానికి ముందుది: నూటపన్నెండో నంబరు, యూదుల శ్మశానం.
యుద్ధం తర్వాతది: నూటపన్నెండో నంబరు, నిరుపయోగ నేల.
అదే కొలత. అదే నీలిసిరా.
మధ్యలో పేజీ ఏదీ చిరగలేదు.
ఒకప్పుడు ఊళ్లో ప్రతి మూడో ఇంటి పొగా వాళ్లదే.
ఆ ఇళ్లు ఏ గడిలోకి పోయాయో
నేను అడగలేదు. ఇన్నేళ్లుగా అదే బల్ల దగ్గర కూచుని.

ఏప్రిల్లో ట్రాక్టరు ట్రాలీలో తీసుకెళ్లాం,
మనవడు ద్జెర్జిస్వావ్, ఊరిపెద్ద, నేను.
అక్కడ పైన్ చెట్లు వరసగా, ఎవరో లెక్కపెట్టి నాటినట్టు.
రాయిని ఎటు తిప్పి నిలబెట్టాలో ముగ్గురికీ తెలియదు.
ఊరిపెద్ద టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు,
మళ్లీ తీశాడు.
ఒరిగిపోకుండా మొదట్లో
ఆ ఏడు పొలం ఈనిన రాళ్లు సర్దాం.

దరఖాస్తు జిల్లాకు వెళ్లి పదకొండు నెలలు.
"నిరుపయోగం" మీద గీత కొట్టే అధికారం నాకు లేదు.
పక్కన పెన్సిలుతో రాశాను: ఒక రాయి ఉంది.
పై అధికారి చూశాడు. చెరపమనలేదు.

అపొలోనియా వాకిట్లో ఇప్పుడు చెక్కపలక.
ఎక్కడానికి ఎత్తేం లేదు,
అయినా లోపలికెళ్లే ప్రతిసారీ
లేని మెట్టుకోసం ఆమె కాలు లేస్తుంది.

సీసా ఖాళీ అయింది.
తిరిగివ్వాలి.