'మర్చిపో' నొక్కాక

రాత్రి ఎప్పుడో దానంతటదే అప్‌డేట్ అయిందట.
పొద్దున ఆన్ చేస్తే అక్షరాలు గుండ్రంగా,
రంగులు కొత్త సున్నం కొట్టిన గోడల్లా.
వైఫై గుర్తు మీద మాత్రం
చిన్న అడ్డగీత.

ఆదోని మార్కెట్ యార్డు, రెండో షెడ్డు.
బయట పత్తి దిగుతోంది.
బోరాలు విప్పిన చోటల్లా తెల్లటి నూగు లేచి
నా కళ్ళద్దాల మీద, టీ గ్లాసు మీద,
ట్యాబ్ అంచుల మీద వాలుతోంది.
పదకొండున్నరకల్లా లాట్లన్నీ ఎక్కించాలి.
పన్నెండుకి వేలం.
ఎక్కని లాటు ఈ రోజుకి లేనట్టే.

ఆపి, వేశాను.
విమానం బొమ్మ నొక్కి, తీసి, మళ్ళీ నొక్కాను.
గోడకున్న రౌటర్ వైరు పీకి
ముప్పై దాకా లెక్కపెడుతున్నాను
ఇరవై నాలుగు దగ్గర హమాలీ ఒకడు
"మేడం, కాటా కాడికి రమ్మంటాండారు" అన్నాడు
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.
పచ్చ దీపాలు మూడూ వెలిగాయి.
పక్క టేబుల్ చెన్నబసమ్మ ఫోనుకి అందుతోంది,
ట్యాబ్‌కి అందడం లేదు.
అంటే లోపం గాలిలో లేదు.

చివరికి మెనూ అట్టడుగున కనిపించింది:
ఈ నెట్‌వర్క్‌ను మర్చిపో.
నొక్కాను.
ఎంత తేలిగ్గా మర్చిపోయింది!
మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే పట్టుకున్న చెయ్యిని
ఒక్క క్షణంలో వదిలేసి
"పాస్‌వర్డ్?" అంది, పరాయిదానిలా.

అది పెట్టిన సూపర్‌వైజర్ కిందటేడే ఎమ్మిగనూరుకు బదిలీ.
ఫోన్ చేస్తే నవ్వాడు.
"మా ఎద్దుల పేర్లమ్మా. మైలోడు, కర్రోడు.
మధ్యలో సందు ఇడవద్దు.
ఎనకాల వాటిని కొన్న సంవత్సరం."
కొట్టాను. ఒప్పుకుంది.
కలుస్తున్నాను, కలుస్తున్నాను అని తిరిగింది, తిరిగింది,
కలవలేదు.

పదకొండు దాటి అయిదు.
కిటికీ ముందు పెద్దహరివాణం హుసేనప్ప,
చేతిలో గేటు చీటీ, వెనకాల తొమ్మిది బోరాలు.
అతను నన్ను ఏమీ అనలేదు.
నాకే గుర్తొచ్చింది
పోయిన సీజన్‌లో ఇదే కిటికీలోంచి నేను,
"పాసుబుక్కులో ఉసేనప్ప, ఆధార్‌లో హుస్సేనప్ప.
పేరు కలవలేదు, రేపు రా."
రేపు వచ్చాడు.
ఆ రేపటికి క్వింటాలు మీద రెండొందలు పడిపోయింది.

కంప్యూటర్ సెంటర్ నుంచి ఇమామ్ కాసిం వచ్చాడు.
వేళ్ళకంటిన ఉగ్గాని నూనె ప్యాంటుకి తుడుచుకుని
రెండు నిమిషాలు అటూ ఇటూ తోశాడు.
"మేడం, ఇది రోగం కాదు, వేషం.
కొత్త అప్‌డేట్ వచ్చినంక
ప్రతి తలుపు కాడా ఒక దొంగపేరు చెప్పుకుంటాది,
ఎవురూ గుర్తుపట్టకూడదని.
మన రౌటర్ కాడ జాబితా ఉంది,
జాబితాలో ఉన్నోళ్ళనే లోపలికి ఇడుస్తాది.
పొద్దున ఏం తిక్కో నాకు తెల్దు గాని,
మీరు మర్చిపొమ్మన్నారు సూడు,
అది తన సొంత పేరు గూడా మర్చిపోయింది."

అంటే మా గేటు ఉరుకుందప్ప లాంటిదే ఈ రౌటరు.
మొన్న యార్డు సెక్రటరీ బామ్మర్దినే
ఎండలో నిలబెట్టాడు, చీటీ లేదని.

ఇమామ్ కాసిం ఏదో ఒక గడిలో
టిక్కు మార్చాడు. "అసలు చిరునామా" అని ఉందక్కడ.
అడ్డగీత చెరిగింది.
గీతలు కింద నుంచి ఒక్కోటే
విసనకర్ర విప్పుకున్నట్టు పైకొచ్చాయి.
డబ్బులిస్తే తీసుకోలేదు, ఛార్జర్ అడిగి పట్టుకుపోయాడు.

పదకొండు ఇరవై రెండు.
లాటు నంబర్ వేశాను. ఊరు వేశాను.
తర్వాతి గడి: పేరు.
కర్సరు కొట్టుకుంటోంది.
కిటికీ వైపు వంగి అడిగాను,
"ఈసారి ఏ పేరు రాయమంటావు?"

"నీ మిషను దేనికి ఒప్పుకుంటే అది రాయమ్మా,"
అన్నాడు హుసేనప్ప,
"పత్తి అయితే ఒకటే."

తెర మీద వాలిన నూగు కొంగుతో తుడిచి
'ఉ'తో మొదలుపెట్టాను.