గుండ్రని కిటికీ

బడిలో ఒక కాగితం ఇచ్చారు.
ఆరోగ్య రంగంలో నువ్వేం కావాలనుకుంటున్నావు?
కింద పన్నెండు గడులు. ఒక్కదానికే టిక్కు.
వారం రోజులు కెయోన్ ఆసుపత్రిలో తిరిగి
శుక్రవారానికి తేల్చుకు రమ్మంది ఒర్తెన్సియా టీచరు,
ఏ గొర్రె ఉన్ని ఏదో తేల్చినంత తేలిగ్గా.

సోమవారం నర్సుల వెంట.
వాళ్ళ చెప్పులకు చప్పుడు లేదు,
నడుములకు ఉంది.
వంగి లేచినప్పుడల్లా ఒక "అబ్బా",
బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో మా పిన్ని నోట్లోంచి వచ్చేదే.
ఏడో మంచం మీది ముసలాయన
నా చెయ్యి పట్టుకుని, నన్నెవరో అనుకుని
క్షమించమని అడిగాడు.
క్షమించేశాను.
అది ఏ గడి కిందికి వస్తుందో తెలియదు.

మంగళవారం ల్యాబు.
సూక్ష్మదర్శినిలో కన్ను పెడితే
నా కనురెప్ప వెంట్రుకలే కనబడ్డాయి, అరగంట.
"అందరికీ అంతే, ముందు మనకి మనమే అడ్డం"
అన్నాడు నెత్తురు చుక్కల మనిషి.

బుధవారం పళ్ళ డాక్టరు దగ్గర
కళ్ళు తిరిగి పడ్డాను.
దాని గురించి ఇంకేం రాయను.

గురువారం గాలివాన. రేవు మూసేశారు.
దీవులకు వెళ్ళాల్సిన వైద్యుల పడవ కట్టేసే ఉంది.
పనిలేని నన్ను వెనక గదికి పంపారు.
అక్కడ పడుకోబెట్టిన ఇనప పీపా,
మనిషి పట్టేంత,
పక్కన ఒక గుండ్రని కిటికీ.

లోపల లదిస్లావో చిగ్వాయ్.
సముద్రపు ముళ్ళకాయల కోసం మొన్న దిగి
వడిగా పైకొచ్చినవాడు.
మోకాలి నొప్పిని రాత్రంతా వాన మీదికి నెట్టి
తెల్లారాక కుంటుకుంటూ వచ్చాడు.
ఇప్పుడు పద్దెనిమిది మీటర్ల లోతులో ఉన్నాడు,
ఒక్క చుక్క నీళ్ళు లేకుండా.

బయట స్టూలు మీద ఎల్సిరా.
ఒక చెయ్యి గాలి మర మీద,
కళ్ళలో వత్తులేసుకుని గడియారం చూస్తుంది.
ఇరవై నిమిషాలు మాస్కు, ఐదు నిమిషాలు తీసి.
మళ్ళీ ఇరవై.
ఒకప్పుడు ఇదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేదట.
"మాట్లాడు" అని ఫోను నా చేతికిచ్చింది.
"నొప్పెలా ఉందని మాత్రం అడక్కు,
అందరూ అదే అడుగుతారు. కుక్క పేరడుగు."
కుక్క పేరు సార్జెంటు.
ఒత్తిడికి అతని గొంతు బాతు గొంతులా వచ్చింది,
ముగ్గురం నవ్వాం.

"తొమ్మిది మీటర్ల దగ్గర ఏం చెయ్యాలి?"
నన్ను ఆటపట్టించడానికే అడిగింది.
"ఆగాలి. పైకి రావాలనిపించినా ఆగాలి."
"ఎవరు చెప్పారు?"
నీళ్ళు నమిలాను.
మా వంటింటి తలుపు వెనక
సుద్దముక్కతో నాన్న రాసుకున్న అంకెలు.
ఆరేళ్ళప్పుడు పడవలో నా ఉద్యోగం
పసుపుపచ్చ గాలిగొట్టాన్ని కనిపెట్టుకుని ఉండడం.
మూడుసార్లు లాగితే పైకని అర్థం.
ఇంజను ఆగిపోయిన రోజు ఎవరూ మూడుసార్లు లాగలేదు.
అప్పటికి ఈ పీపా కెయోన్‌లో లేదు.
నాన్న ఎడమకాలు ఇంట్లోకి ఎప్పుడూ
ఆయన తర్వాత వస్తుంది.

ఇదంతా ఎల్సిరాకు చెప్పలేదు.
ఆవిడ స్టూలు కాస్త జరిపింది, అంతే.

ఐదు గంటలకు దగ్గరపడ్డాక తలుపు తీశారు.
లదిస్లావో మోకాలు వంచి చూసుకున్నాడు,
కొత్త గొడుగు తెరిచి మూసినట్టు.
మొదటి మాట: "రేపు రేవు తెరుస్తారా?"
"నెల దాకా నీళ్ళు ముట్టకు" అంది ఎల్సిరా.
తలూపాడు.
ఆ తలూపు నాకు తెలుసు,
మా ఇంట్లో తిన్నదే.

"మీ పనినేమంటారు?" అని అడిగాను.
"జీతం చీటీలో 'ఇతరులు' అనుంటుంది."
నా కాగితంలో ఆ గడి కూడా లేదు.

శుక్రవారం ఒర్తెన్సియా టీచరు
కాగితం అటూ ఇటూ తిప్పింది.
ముందు వైపు ఖాళీ.
వెనక వైపు నిమిషాలు, మీటర్లు, ఒక కుక్క పేరు.
"ఇది జవాబు కాదమ్మా."
"అవును టీచర్,
ఇంకా తొమ్మిది మీటర్ల దగ్గరున్నాను."