అరువు ముక్కు

ఆ గురువారం లియోన్‌లో బస్సులూ మెట్రోలూ సమ్మె.
కొండ దిగి ఇళ్లకు పోవాల్సిన వాళ్లం
ఒడీల్ వైన్ బార్‌లో చిక్కుకున్నాం.
ఏడే బల్లలు. ఎనిమిదోది కూడా ఉందంటుంది ఆవిడ,
మెట్ల కింద బోర్లించిన సీసాల పెట్టెని చూపించి.

బయట నవంబరు వాన,
గట్టిగా కురవదు, పోనీ మానదు,
అప్పులవాడిలా గుమ్మంలో నిలబడి ఉంటుంది.

పలక మీద సుద్దతో మూడు వంటలు.
రెండు అప్పటికే కొట్టేసి ఉన్నాయి.
మిగిలింది పలుకు చెడకుండా ఉడికిన మసూరు పప్పు,
మీద పొగబెట్టిన సాసేజి.
"అదే తింటారు," అంది ఒడీల్. అడిగినట్టు కాదు.

నన్ను ముక్కూ మొహం తెలియని ముగ్గురి మధ్య ఇరికించింది.
పక్కన సోలెన్, డ్యూటీ దిగిన నర్సు,
బూట్లు విప్పేసి బల్ల కింద కాళ్లు చాపింది.
ఎదురుగా యాసిన్, ప్లంబరు,
పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని పియర్ రసం తాగుతున్నాడు.
మూలన మొలార్ గారు. నలభై ఏళ్ల వైన్ వ్యాపారం.
ఒక్కసారి వాసన చూసి ఊరు పేరు చెప్పగలడట.
"చెప్పగలిగేవాణ్ణి," అని సరిదిద్దాడు.
పోయిన చలికాలం జ్వరం వచ్చింది,
పోతూ పోతూ ముక్కు పట్టుకుపోయింది.

ఇప్పుడు రొట్టె అంటే మెత్తన.
ఉల్లి అంటే కంట్లో నీళ్లు, అంతే.
చీజ్ అంటే మా ఆవిడ
"అబ్బా, ఆ కిటికీ తియ్యి" అనడం.
చెప్పి తనే ముందు నవ్వాడు.
నవ్వొచ్చో లేదో తెలియక మేం
రొట్టె బుట్ట ఒకరి వైపు ఒకరు జరుపుకున్నాం.

ఒడీల్ ఒక సీసా తెచ్చింది, చీటీ మీద అరచెయ్యి అడ్డం పెట్టి.
ఆయన గ్లాసు తిప్పాడు. చెయ్యి ఏదీ మర్చిపోలేదు.
ముఖం దగ్గరికి తెచ్చుకుని
తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డట్టు
కాసేపు ఆగాడు.
తర్వాత సోలెన్ వైపు తోశాడు:
"కాస్త అరువివ్వమ్మా, నీ ముక్కు."

"చెర్రీ," అంది.
"అది సీసా వెనకే రాస్తారు. ఇంకోటి."
"అయితే మా నాన్న కోటు జేబు.
ఆయన తినడం మర్చిపోయిన ఎండు ఆల్‌బుకారా."
నా వంతు వచ్చింది. నేను పుస్తకాలకు అట్టలు కుట్టేదాన్ని.
"జిగురు," అన్నాను.
మర్యాదకి తలూపాడు.

యాసిన్ చేతులు అడ్డం పెట్టాడు. "నేను తాగను."
"తాగమన్నానా? వాసన చూడమన్నాను."
అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని,
పొత్తిళ్లలో బిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు.
కళ్లు మూసుకున్నాడు.

"పాత ఇంటి కింద గొట్టం విప్పినప్పుడు
ముందు ఇనుము. చల్లగా.
తర్వాత అతుకులోంచి దూరిన వేరు,
తడిగా, ఇంకా బతికే ఉంటుంది.
ఎవరిదిరా ఈ వేరు అని తల పైకెత్తితే
గోడ అవతల పక్కింటి వాళ్ల గులాబీ."

ప్లేట్లలో పప్పు చల్లారిపోయింది.
మొలార్ గారు బల్ల మీద వేలితో ఏదో దారి గీసుకుంటూ
ఒక ఊరు పేరు చెప్పాడు.
ఒడీల్ చెయ్యి తీసి చీటీ చూపించింది.
పక్క ఊరు.

"మూడు కిలోమీటర్లు," అన్నాడాయన, గడ్డం వణుకుతుంటే.
"ఒక్క మూడు కిలోమీటర్లు తప్పాను!
ఆ గులాబీ వల్లే. గులాబీ ఎక్కడిదోయ్?"
"నాదేం కాదు, గ్లాసుదే," అన్నాడు యాసిన్.
చీజ్ వచ్చేదాకా వాదించుకున్నారు.
అది ప్లేటు అంచు దాటి కారుతోంది.
ఆయన మా ముగ్గురినీ చూశాడు, అడగడానికి సిగ్గుపడుతూ.
"అబ్బా, ఆ కిటికీ తియ్యండి," అంది సోలెన్, నోటినిండా చీజ్‌తో.

పదకొండింటికి కాలినడకన కొండ దిగాం నలుగురం.
యాసిన్ సంచిలో రెంచీలు గలగలమంటున్నాయి.
ప్రతి గుమ్మం దగ్గరా మొలార్ గారు ఆగుతాడు.
"ఇక్కడ?"
బేకరీ వెనక గోడ. పులిసిన పిండి.
"ఇక్కడ?"
తడిసిన అట్టపెట్టెలు.
"మరి ఇక్కడ?"
సోలెన్ వంగి చీకట్లోకి ముక్కు పెట్టింది.
"పిల్లి," అంది.