దక్షిణం కిటికీ

అక్టోబరు వాన వెలిసిన మధ్యాహ్నం
నది మీంచి ఉక్క ఎక్కి వచ్చింది.
హువాన్ లకాసేలో ప్రతి పెరటి గోడ మీదా రెక్కలే.
మనవడు యమందూ జామ్ సీసా బోర్లించి
ఒకదాన్ని పట్టేశాడు.
"రాణి, అవ్వా! ఇది ఏ జాతో చెప్పు."

జాతులు నాకేం తెలుసు?
ముప్పై ఒక్క ఏళ్లు మిల్లులో తాన్లు తనిఖీ చేశాను.
పడుగు ఎన్ని పోగులు, పేక ఎన్ని పోగులు,
ఎక్కడ ముడి పడింది, ఎక్కడ అద్దకం అంటలేదు.
నాకు తెలిసినవి రెండే జాతులు:
ఒకటో రకం, రెండో రకం.

గోడ మీంచి ఎలెయుతేరియో తల పెట్టాడు.
పదకొండు గులాబీ మొక్కలాయనకి, అన్నిటికీ పేర్లున్నాయి.
"ఆకులు కోసేదే అది. నలిపెయ్.
ఇదొక్కటి బతికిందంటే
నా తోట మొత్తం నేల కిందికి దిగిపోతుంది."
చేతిలో పొడి డబ్బా. మూత అప్పటికే తీసి ఉంది.

వాడు బడి నుంచి తెచ్చిన పుస్తకం తిప్పుతున్నాడు.
"వీపు మీద ముళ్లు లెక్కపెట్టాలట.
మూడు జతలైతే ఒక జాతి, నాలుగైతే ఇంకోటి.
నాలుగైతే మళ్లీ రంగు చూడాలి:
నల్లదైతే గులాబీల్ని కోస్తుంది,
ఎర్రదైతే ఉట్టి గడ్డి."

సొరుగులోంచి పోగులద్దం తీశాను.
ఇత్తడిది, మడిస్తే అగ్గిపెట్టెలో సగం.
మిల్లు మూసిన రోజు అప్పగించాల్సిన సామాను.
బుగ్గన పెట్టుకుని గేటు దాటాను.
కాపలావాడు "సెలవు, గ్రిసెల్దా" అన్నాడు.
తలూపాను. నోరు తెరవలేదు.

సీసాని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాం, అది మెదలకుండా.
చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం వంటింట్లో.
చిటుక్కుమనాల్సింది మాత్రం చలికి ముడుచుకుంది.
ఒకటి, రెండు...
తర్వాత ముళ్లే లేవు. నున్నటి మూపు,
ఎగరడానికి కండ పట్టిన మూపు.
పుస్తకంలో బొమ్మ పనిచీమది.
ఎవరి వీపు లెక్కపెట్టాలన్నా
పనివాళ్ల వీపే దొరుకుతుంది కాబోలు.

పొట్ట మీద మాత్రం గరుకు. నాసి నూలులో ఉండల్లాగా
బొడిపెలు, బొడిపెలు.
"అలా ఉంటే నాలుగు ముళ్లదే!" వాడు గెంతాడు.
"ఇప్పుడు రంగు, అవ్వా."

బల్బు కింద రంగు చెప్పకూడదు.
మేస్త్రీ ఒనోరినా చెంపదెబ్బతో నేర్పిన పాఠం అది.
మా దేశంలో ఎండ పడని వైపు దక్షిణం;
అద్దకం ఏదైనా దక్షిణం కిటికీలో,
పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందు చూడాలి.
"రేపు," అన్నాను గోడ అవతలికి.
ఆయన డబ్బా పట్టుకుని వెళ్లాడు. మూత పెట్టలేదు.

పొద్దున సీసా అడుగున రెక్కలు నాలుగూ
విప్పి పడేసిన లంగాల్లా పడున్నాయి.
పక్కన నలుసంత తెల్లటి పీచు,
రాత్రి లేనిది.
యమందూ వేలు పెట్టి చదివాడు:
"పుట్టింటి బూజట. నోట్లో దాచుకుని ఎగురుతుందట.
ఇక దాన్ని పెంచుకునే బతకాలట."

నా నాలుక దానంతటది బుగ్గలోకి పోయింది.
ఇత్తడి రుచి.

కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాను.
నలుపు అందామంటే అంచుల్లో ఎరుపు,
ఎరుపు అందామంటే నడుమంతా నలుపు.
పీపా అడుగున మిగిలిన ద్రాక్షసారా మడ్డి రంగు.
మిల్లులో అయితే పక్కన పెట్టించి
ఇంకొకరి కళ్లు అడిగేదాన్ని.

"ఎర్రది," అని కేకేశాను. "గడ్డి కోసేది. నాదీ పూచీ."
డబ్బా మూత బిగిసిన చప్పుడు.
నా ముద్ర పడ్డ తాను ఏనాడూ వెనక్కి రాలేదని
ఊరందరికీ తెలుసు.
బట్టలుతికే బండ వెనక తడిమట్టిలో వదిలాం.
ఒకసారి చుట్టూ తిరిగి, ఆ పీచుతో సహా
లోపలికి తవ్వుకుంది.

రెండో వేసవి.
ఎలెయుతేరియో ఏమీ అనలేదు.
గోడ మీద ఒక గులాబీ ఆకు పెట్టి నిలబడ్డాడు.
అంచున నెలవంకంత కోత.
పోగులద్దం విప్పి చాలాసేపు చూశాను.
ఎక్కడా చిరగలేదు, ఒక్క ఈనె జారలేదు.

"ఒకటో రకం," అన్నాను.

ఆయన నవ్వలేదు.