ఎన్ నొక్కిన చోట

క్లాక్స్‌విక్ రేవులో, ఐసు గోదాము వెనక గదిలో
తెల్లవారుజామున మూడు కావస్తోంది.
కొత్త కెర్నెల్ లేచింది,
పథ్యం చేసి లేచిన మనిషిలా, సగం బరువుతో, హుషారుగానే.
తీరా చూస్తే నెట్‌వర్క్ లేదు.

ఈథ్‌జీరో అని పిలిచాను.
అలాంటి పరికరమేదీ లేదంది.
మూడక్షరాలు, ఒక సున్నా, ఎంతని తప్పు రాస్తాం?
అయినా మళ్ళీ పిలిచాను.
ఉన్నది 'లో' ఒక్కటే,
తనతో తానే మాట్లాడుకునే గొంతు.
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి.
పింగ్ కొడితే ఠక్కున పలికింది,
ఒంటరివాడు తన మాటకు తానే ఊకొట్టినట్టు.

కేబులు పీకి పెట్టాను. ఊది పెట్టాను.
ఊదితే ఏమవుతుందో ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు,
అయినా ఊదుతాను.
కార్డు వెనక పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.
అదే నన్ను ఏడిపించింది.
చచ్చిందంటే ఏడ్చి ఊరుకుంటాం,
ఇది ఊపిరి తీస్తోంది, పిలిస్తే పలకదు.

ఆరింటికి వేలం.
కిటికీ అవతల తుమ్మస్ పడవ తాడు విసురుతోంది.
పన్నెండు టబ్బుల కాడ్ చేపలు,
వాటి ధర ఈ తీగలోంచి ఆబర్డీన్ దాకా పోవాలి.
పాత కెర్నెల్‌కి వెనక్కి పోదామంటే
చోటు చాలదని నిన్న సాయంత్రం నేనే చెరిపేశాను.
ఏరు దాటకముందే తెప్ప తగలేసిన బుద్ధి.

బస్సులో ఎవరెవరున్నారో చూపించమన్నాను.
మూడో నంబరు దగ్గర
ఈథర్నెట్ కంట్రోలర్, బుద్ధిగా కూర్చునే ఉంది.
డ్రైవరే లేడు.
పైగా దాని ఇంటిపేరు నేనెరిగింది కాదు.
పెట్టె మీది కాగితం ఒక కంపెనీ అంటుంది,
బస్సు ఇంకో కంపెనీ అంటుంది.

నాలుగున్నరకి హెర్గైర్‌కి ఫోన్ చేశాను.
నాకు ముందు ఈ గది ఆయనది.
ఇప్పుడు నిద్రపట్టక వలలు అల్లుతాడు.
రెండో రింగుకే ఎత్తాడు.
"ఆ కార్డా మర్నా? పైకప్పు కారి ఉప్పునీళ్ళు పడిన ఏడు మార్చాను.
దొరికింది పెట్టాను. కాగితం మార్చడం మరిచాను."
కాసేపాగి,
"పదకొండేళ్ళు పనిచేసిందిగా" అన్నాడు.
కార్డును వెనకేసుకొచ్చాడో, తననో.

నిన్న ఆ మెనూలో వరసగా దిగుతూ
తెలిసిన పేర్లకు వై కొట్టాను, తెలియని పేర్లకు ఎన్.
కాఫీ తాగుతూ ఎన్,
రేడియోలో గాలివాన కబురు వింటూ ఎన్.
ఆ పేరు దగ్గర ఆగానా?
నా వేలికి గుర్తు లేదు.

మళ్ళీ దిగాను. ఎన్ తీసి వై పెట్టాను.
ఎం కూడా కాదు,
మాడ్యూలంటూ గుమ్మం బయట నిలబెట్టను,
లోపలే ఉండు.

ఆరయ్యేసరికి కంపైలర్ సౌండ్ ఫైళ్ళ దగ్గరుంది.
స్పీకరైనా లేని పెట్టెకు సౌండెందుకో,
దానికి మాత్రం వై ఎప్పుడు కొట్టానో!
తుమ్మస్ ఆగలేదు.
టబ్బు అంచు మీదికెక్కి ధర అరిచాడు.
ముగ్గురు కొనేవాళ్ళు, చలికి చేతులు జేబుల్లోంచి తీయకుండా
గడ్డాలతోనే పాడారు.
ఆబర్డీన్‌కి ఆ అరుపు వినపడలేదు.
నాలుగు టబ్బులు అడ్డికి పావుసేరుగా పోయాయి.
తుమ్మస్ ఈ కిటికీ వైపు ఒక్కసారీ చూడలేదు,
చూస్తే బాగుండేది.

ఆరూ ఇరవైకి రీబూటు.
అక్షరాలు వానలా దిగాయి. నడుమ ఒక వరసలో
ఈథ్‌జీరో.
రాత్రంతా అక్కడే ఉన్నట్టు, మామూలుగా.
మిగిలిన ఎనిమిది టబ్బులు తెర మీదికెక్కాయి.

ఫోన్ మోగింది.
"పలికిందా?"
"పలికింది."
"కాగితం?"
పెన్ను వెతుకుతున్నాను.